మచ్చ కనిపించగానే మందు పొయ్యకండి
ఐన్ ఖాలిద్ చేపల తొట్లలో చెల్లుబాటవుతున్న తప్పుడు చిట్కాలు, వాటికి బదులు చెయ్యాల్సిన పనులు

దోహాకు నైరుతి దిక్కున, సల్వా రోడ్డు పక్కనున్న ఐన్ ఖాలిద్‌లో మన కుటుంబాలు చాలావరకు విల్లా పోర్షన్లలో ఉంటాయి. పెద్ద ఇంటిని గోడలు పెట్టి విడదీసి, ఒక్కో కుటుంబానికి ఒకటి రెండు గదులు అద్దెకిస్తారు. కుక్కనో పిల్లినో తెచ్చుకుందామంటే చాలాచోట్ల యజమాని ఒప్పుకోడు. మే నుంచి సెప్టెంబరు దాకా పిల్లల్ని పగటిపూట బయటికి పంపలేం. దాంతో హాల్లో ఒక మూల చేపల తొట్టి వెలుస్తుంది. పిల్లలు ప్రతి చేపకూ ఒక పేరు పెట్టుకుంటారు. ఒక పొద్దున ఏదో ఒక చేప మీద చుక్క కనిపిస్తుంది.

ఇంట్లో అలజడి మొదలవుతుంది. ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపుతారు. ఉప్పు వెయ్యమని ఒకరు, పసుపు వెయ్యమని ఇంకొకరు, నీళ్లన్నీ పారబోయమని మరొకరు చెబుతారు. సాయంత్రంలోగా అన్నీ చేసేస్తారు. మర్నాటికి చేప ఉండదు. మచ్చ చంపిందనుకుంటారు. నేను చూసిన తొట్లలో మచ్చల కంటే హడావిడి వైద్యమే ఎక్కువ చేపల ప్రాణం తీసింది. అందుకే తరచుగా వినిపించే తప్పుడు సలహాలను ఒక్కొక్కటిగా ఇక్కడ పెడుతున్నాను. ఏది ఎందుకు తప్పో తెలిస్తే, ఈసారి చుక్క కనిపించినప్పుడు మీ చెయ్యి మందు సీసా మీదికి కాక టార్చి మీదికి వెళ్తుంది.

మొదటి తప్పుడు చిట్కా: "తెల్లచుక్కలా? వైట్ స్పాటే, ఇంక చూడక్కర్లేదు"

తెల్లగా కనిపించేవన్నీ ఒకటే జబ్బు కావు. కొన్ని అసలు జబ్బే కావు.

మా పక్క పోర్షన్ తమ్ముడు ఒక సాయంత్రం తలుపు తట్టి, "అన్నా, గోల్డ్ ఫిష్‌కి వైట్ స్పాట్ వచ్చింది, హీటర్ ఎంతలో పెట్టాలి?" అని అడిగాడు. వెళ్లి టార్చిని పక్కవాటంగా పట్టి చూశాం. చుక్కలు మొప్పల మూతల మీద, ఛాతీ రెక్కల ముందు ముల్లు పొడుగునా వరసగా, గుండుసూది మొనంత ఎత్తుగా ఉన్నాయి. రెండు పక్కలా ఒకేలా ఉన్నాయి. తోక మీద ఒక్కటి లేదు, వీపు మీద ఒక్కటి లేదు. చేప హుషారుగా ఆడచేప వెంట తిరుగుతోంది, మేత వేస్తే ఎగబడి తింటోంది. అది మగ గోల్డ్ ఫిష్. జత కట్టే కాలంలో మగచేపలకు అలాంటి బుడిపెలు సహజంగా వస్తాయి. దానికి ఏ మందూ వద్దు. హీటర్ పెట్టి, మందు పోసి ఉంటే ఆరోగ్యంగా ఉన్న చేపను రోగిని చేసినట్టయ్యేది.

అసలు వైట్ స్పాట్‌ను ఇక్కడి దుకాణాల్లో ఇక్ అంటారు. ఇక్థియోఫ్థిరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి దానికి కారణం. చుక్కలన్నీ ఇంచుమించు ఒకే సైజులో, ఉప్పు రవ్వలు చల్లినట్టు ఒళ్లంతా, రెక్కల మీద, తోక మీద ఉంటాయి. ఒక్కోటి ఒక మిల్లీమీటరుకు మించదు. రోజురోజుకూ లెక్క పెరుగుతుంది. చేప గులకరాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు దగ్గరికి ముడుచుకుంటుంది.

చుక్కలు ఇంకా సన్నగా, పసుపు పొడి అద్దినట్టు బంగారు రంగులో మెరుస్తుంటే అది వెల్వెట్. గది దీపాలు ఆర్పి, చేప మీద టార్చి వాలుగా వేస్తే తప్ప కనిపించదు. బెట్టా చేపల్లో తరచుగా వస్తుంది. ఇక్ కంటే వేగంగా చంపుతుంది. ఆ పరాన్నజీవికి పత్రహరితం ఉంటుంది, వెలుతురు దానికి బలం. అందుకే మందుతోపాటు తొట్టికి దుప్పటి కప్పి చీకటి చెయ్యాలి. మామూలుగా వాడేది రాగి మందు. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం కాబట్టి, అవి ఉన్న తొట్టిలో పొయ్యకుండా ఆ వైద్యం వేరే టబ్బులో జరగాలి.

దూదిపింజలా మెత్తగా, పోగులు పోగులుగా ఉంటే బూజు. ఇది సాధారణంగా దెబ్బ తగిలిన చోటే పడుతుంది. కాబట్టి దెబ్బ ఎలా తగిలిందో ముందు కనుక్కోవాలి. నోటి చుట్టూ, వీపు మీద జీను వేసినట్టు బూడిద తెలుపు పట్టీ వస్తే అది బూజు కాదు, కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. ఏంజెల్, గౌరామి లాంటి చేపల రెక్కల అంచున కాలీఫ్లవర్ ముక్కలా గరుకు గడ్డ వచ్చి, వారాల తరబడి ఒకేచోట ఉంటే లింఫోసిస్టిస్ అనే వైరస్ జబ్బు. దానికి మందు లేదు, అవసరమూ తక్కువే. నీళ్లు శుభ్రంగా ఉంచి, కంగారు పెట్టకుండా వదిలేస్తే వారాల్లోనో నెలల్లోనో అదే రాలిపోతుంది.

ఒక్క తెలుపులోనే ఇన్ని రకాలున్నాయి. వీటన్నిటికీ ఒకే సీసా ఇచ్చే దుకాణం వాడి మాట వినకండి.

రెండో తప్పుడు చిట్కా: "అమ్మవారు పోసినట్టే, దానంతటదే తగ్గుతుంది"

ఒళ్లంతా చుక్కలు చూసి మన పెద్దవాళ్లు ఈ మాట అనడం సహజం. నాలుగు రోజులకు చుక్కలు రాలిపోవడంతో మాట నిజమైందనిపిస్తుంది. ఇక్ విషయంలో ఇంతకు మించిన ప్రమాదం లేదు.

మనం చుక్కగా చూసేది చేప చర్మం కింద కూర్చుని తింటున్న పరాన్నజీవిని. అది కడుపు నిండాక చర్మం చీల్చుకుని బయటపడి, తొట్టి అడుగుకు చేరి, గులకరాయికో మొక్కకో అంటుకుని తన చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒక్కటి వందలుగా, ఒక్కోసారి వెయ్యి దాకా చీలుతుంది. ఆ పిల్లలు గూడు పగలగొట్టుకుని ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. 25 డిగ్రీల దగ్గర ఈ తిరుగుడంతా వారం లోపే పూర్తవుతుంది. నీళ్లు చల్లబడేకొద్దీ వారాలు పడుతుంది.

చుక్కలు మాయమైన రోజున జబ్బు చేప మీది నుంచి తొట్టి అడుగుకు దిగిందని అర్థం. అదే రోజున మందు ఆపేస్తే, తర్వాతి విడత చుక్కలు పదింతలై వస్తాయి, ఈసారి మొప్పల్లోకి కూడా పోతాయి. ఇంకో సంగతి. చర్మం కింద ఉన్నప్పుడు, గూట్లో ఉన్నప్పుడు దాన్ని ఏ మందూ తాకలేదు. ఈదుతున్న పిల్లలు మాత్రమే మందుకు చస్తాయి. అందుకే మందు వేసిన రోజునే చుక్కలు పోలేదని మోతాదు రెట్టింపు చెయ్యకూడదు. చుక్కలు పోయిన రోజున ఆపనూ కూడదు. పది నుంచి పద్నాలుగు రోజుల కోర్సు పూర్తి చెయ్యాలి. వైద్యం జరిగినన్నాళ్లూ రెండు రోజులకోసారి అడుగు గులకరాళ్లను సైఫన్ గొట్టంతో పీల్చి శుభ్రం చేస్తే గూళ్లు సగం అక్కడే పోతాయి. తీసేసిన నీటికి సరిపడా మందు మళ్లీ కలపాలి.

మూడో తప్పుడు చిట్కా: "ఖతార్ ఎండల్లో హీటర్ ఎందుకు?"

ఐన్ ఖాలిద్‌లో ఇక్ రావడానికి పెద్ద దారి ఇదే. బయట 45 డిగ్రీలున్నా మన తొట్టి ఉండేది ఏసీ గదిలో. రాత్రి ఏసీ 20లో పెడతాం. పొద్దున అందరూ ఆఫీసుకీ బడికీ పోయేటప్పుడు కట్టేస్తాం. మధ్యాహ్నానికి గది ఉడికిపోతుంది, సాయంత్రం మళ్లీ చల్లబడుతుంది. చిన్న తొట్టిలో నీళ్లు ఇలా రోజూ ఎక్కి దిగుతుంటే చేపకు రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. కొత్త చేపతో వచ్చి ఎక్కడో నక్కి ఉన్న పరాన్నజీవికి అదే అదను.

హీటర్ పని నీళ్లు మరిగించడం కాదు, రాత్రిపూట పడిపోకుండా నిలబెట్టడం. థర్మోస్టాట్ ఉన్న హీటర్‌ను 26 దగ్గర పెట్టి, తొట్టికి రెండో చివర థర్మామీటరు అతికించండి. తొట్టిని ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెట్టకండి. జూలై, ఆగస్టుల్లో ఊరికి వెళ్లేటప్పుడు ఏసీ మొత్తం ఆపేసి పోకండి. ఎవరూ లేని గదిలో నీళ్లు 35 దాటితే ఏ హీటరూ ఏ మందూ కాపాడలేవు. ఏసీని 27 దగ్గర ఉంచి, తాళం చెవి నమ్మకమైనవాళ్లకు ఇచ్చి వెళ్లండి.

నీళ్లు మార్చేటప్పుడు ఇంకో దెబ్బ ఉంది. ఖతార్‌లో నదులు లేవు. రాస్ అబూ ఫొంటాస్, ఉమ్ అల్ హౌల్ లాంటి ప్లాంట్లలో సముద్రపు నీటిని మంచినీరు చేస్తే, నీటి సంస్థ కహ్రామా దాన్ని మన ఇళ్లకు పంపుతుంది. ఆ నీళ్లు మిద్దె మీది ట్యాంకులో ఎండకు కాగి, వేసవిలో చన్నీళ్ల కుళాయిలోంచే చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. స్నానానికి మనం చేసే ఉపాయం అందరికీ తెలుసు. గీజరు స్విచ్ కట్టేసి, ఇంటి లోపల చల్లబడిన నీళ్లను వేడినీళ్ల కుళాయిలోంచి పట్టుకుంటాం. చేపల కోసం మాత్రం ఆ నీళ్లను తిన్నగా పొయ్యకండి. ముందురోజు రాత్రే బకెట్లో పట్టి, క్లోరిన్ విరిచే ద్రావణం కలిపి, ఏసీ గదిలో ఎయిర్‌స్టోన్ వేసి ఉంచండి. పొద్దున రెండు చోట్లా థర్మామీటరు పెట్టి, తేడా ఒక డిగ్రీ లోపు ఉంటేనే పొయ్యండి. జనవరిలో ఇదే కుళాయి నీళ్లు చల్లగా వస్తాయి. అప్పుడూ ఇదే పద్ధతి.

నాలుగో తప్పుడు చిట్కా: "ఏ మచ్చకైనా వేడి పెంచితే చాలు"

ఇక్ కు వేడి నిజంగానే మంచి వైద్యం. నీటిని 30 డిగ్రీల దాకా తీసుకెళ్తే ఆ పరాన్నజీవిలో చాలా రకాలు పిల్లల్ని పెట్టలేవు. కానీ మూడు షరతులున్నాయి.

ఒకటి, మెల్లగా పెంచాలి. ఒకటి రెండు రోజులు తీసుకుని, కొన్ని గంటలకొక డిగ్రీ చొప్పున పెంచండి. రెండు, గాలి ఎక్కువ ఇవ్వాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాములు పడితే, 32 దగ్గర 7.3 మాత్రమే పడుతుంది. మొప్పలు అప్పటికే దెబ్బతిన్న చేపకు ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. ఎయిర్‌పంపు ఇరవై నాలుగు గంటలూ నడవాలి. మూడు, చేపను బట్టి చెయ్యాలి. డిస్కస్, ఏంజెల్, బెట్టా ఆ వేడిని తట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్ చల్లనీళ్ల చేప, దానికి ఉప్పు వైద్యం మేలు.

అన్నిటికంటే ముఖ్యమైనది, అది ఇక్ అని ఖాయం చేసుకోవాలి. కాలమ్నారిస్ బ్యాక్టీరియా వేడిలో ఇంకా చెలరేగుతుంది. నోటి దగ్గరి తెల్లపట్టీని వైట్ స్పాట్ అనుకుని 30కి పెంచితే, వారంలో చంపాల్సిన జబ్బు ఒకటి రెండు రోజుల్లో చంపుతుంది. రోగమొకటి, మందొకటి అయితే నష్టం ఎంతో ఇక్కడ చూడొచ్చు.

ఐదో తప్పుడు చిట్కా: "గుప్పెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసెయ్"

ఉప్పు మంచి మందు. గుప్పెడు అనేది మోతాదు కాదు. ముందు మీ తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉంటే 182 లీటర్లు. గులకరాళ్లు, పైన ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 150 దగ్గరికి వస్తాయి. లీటరుకు 2 గ్రాముల చొప్పున 300 గ్రాముల ఉప్పు కావాలి. వంటింటి త్రాసు మీద తూచి, విడిగా నీళ్లలో పూర్తిగా కరిగించి, మూడు భాగాలు చేసి ఒకటిన్నర రోజులో పొయ్యండి. రాళ్లు రాళ్లుగా తొట్టిలో వేస్తే అడుగున తిరిగే చేపల ఒళ్లు కాలుతుంది.

గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ ఈ మోతాదును సులువుగా తట్టుకుంటాయి. పొలుసులు లేని లేదా బాగా చిన్నవైన లోచ్, క్యాట్‌ఫిష్, చిన్న టెట్రాల విషయంలో లీటరుకు 1 గ్రాము దాటకండి. మొక్కలున్న తొట్టిలో ఉప్పు వేస్తే మొక్కలు కుళ్లి నీళ్లు పాడవుతాయి. రాళ్ల ఉప్పే కావాలా, అయోడిన్ ఉప్పు ప్రమాదమా అని చాలామంది అడుగుతారు. ఉప్పులో ఉండే కొద్దిపాటి అయోడిన్ చేపను చంపదు, తప్పు తూకం చంపుతుంది. ఉప్పు ఆవిరైపోదని కూడా గుర్తుంచుకోండి. ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లే పొయ్యాలి. ప్రతిసారీ మళ్లీ ఉప్పు వేస్తే అది పేరుకుపోతూనే ఉంటుంది.

పసుపు నీళ్లలో కరగదు. అడుగున బురదలా పేరుకుని, ఫిల్టర్ స్పాంజిని మూసేస్తుంది. నీటిలో వేసే పసుపుకు నమ్మదగిన మోతాదు ఏదీ లేదు. వేపాకు నలిపి వేస్తే ఆకు కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది. మన ఇంట్లో ఎంతో మేలు చేసిన వస్తువులే అయినా, తొట్టిలో వాటికి చోటు లేదు.

ఆరో తప్పుడు చిట్కా: "ముందు తొట్టి మొత్తం కడిగెయ్"

శుక్రవారం సెలవు రోజున ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని ఇది. నీళ్లన్నీ పారబోస్తారు, గులకరాళ్లు వేడినీళ్లతో కడుగుతారు, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండుతారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

చేప వదిలే అమోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ గోధుమరంగు స్పాంజిలోనే కాపురం ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్రిమిసంహారక రసాయనం తగిలిందంటే అది చచ్చిపోతుంది. మళ్లీ అంత కావడానికి నెల పడుతుంది. ఆ నెలంతా అమోనియా పెరుగుతూ, చేప చర్మాన్ని, మొప్పల్ని కాలుస్తుంది. వేడి ఎక్కువైతే, పీహెచ్ ఎక్కువైతే అమోనియా ఇంకా విషమవుతుంది. రెక్కల మీద ఎర్రచారలు, ఒంటి మీద కమిలిన మచ్చలు అప్పుడే వస్తాయి. మచ్చ పోవాలని కడిగిన తొట్టే కొత్త మచ్చలు పుట్టిస్తుంది.

పాతిక శాతం నీళ్లు మార్చండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టండి. మందు వేసినన్నాళ్లూ ఫిల్టర్లోని బొగ్గు సంచి తీసి పక్కన పెట్టండి, లేకపోతే మందును బొగ్గే పీల్చేస్తుంది. మిథిలీన్ బ్లూ లాంటి మందులు ఫిల్టర్ బ్యాక్టీరియాను చంపుతాయి, తొట్టి అతుకుల సిలికాన్‌కు నీలిరంగు పట్టిస్తాయి. వాటిని వేరే టబ్బులోనే వాడండి. మాలకైట్ గ్రీన్ ఉన్న మందైతే చేతులకు తొడుగులు తప్పనిసరి. ఆ రసాయనం మనుషులకు మంచిది కాదనే తినే చేపల పెంపకంలో చాలా దేశాలు నిషేధించాయి. క్లౌన్ లోచ్ లాంటి బాగా చిన్న పొలుసుల చేపలకు దాన్ని సగం మోతాదుకు మించి వాడకూడదు.

ఏడో తప్పుడు చిట్కా: "ఊరి నుంచి తెచ్చిన క్యాప్సూల్ ఉంది, విప్పి పొయ్యి"

జ్వరానికని సూట్‌కేసులో తెచ్చుకున్న యాంటీబయాటిక్‌ను తొట్టిలో పొయ్యడం నాలుగు రకాలుగా తప్పు. ఇక్, వెల్వెట్, బూజు, లింఫోసిస్టిస్ బ్యాక్టీరియా జబ్బులే కావు. చేపలకు వచ్చే బ్యాక్టీరియా ఎక్కువభాగం గ్రామ్ నెగటివ్ రకం, వాటిలో చాలావాటి మీద మన ఇళ్లలో దొరికే అమోక్సిసిలిన్ బలం చాలదు. టెట్రాసైక్లిన్‌ను గట్టినీటిలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుంటాయి, చేపకు చేరేది కొంచెమే. పైగా అరకొర మోతాదులో పోసిన యాంటీబయాటిక్ మందుకు లొంగని బ్యాక్టీరియాను తయారుచేస్తుంది. అదే నీటిలో మన పిల్లలు చేతులు పెడతారు.

దీనికి తోబుట్టువు లాంటి సలహా ఇంకొకటి: "భీమవరం నుంచి చెరువు మందు తెప్పిస్తాను, దెబ్బకు తగ్గిపోతుంది." చెరువు మందు మోతాదు ఎకరాల లెక్కన ఉంటుంది. పేను చంపడానికి చెరువుల్లో వాడేవాటిలో చాలావరకు పురుగుమందుల జాతివి. 150 లీటర్లకు అందులో చుక్కలో ఎన్నో వంతు వెయ్యాలో ఇంట్లో ఎవరూ కొలవలేరు. గోల్డ్ ఫిష్ మీద పేను కనిపించినా ఆ మందు అక్కర్లేదు. గుండ్రంగా, పల్చగా, అరసెంటీమీటరు ఉండి, కాసేపు చూస్తే చోటు మారే మచ్చ పేను. చేపను తడిగుడ్డలో పట్టుకుని పట్టకారుతో తీసేయండి.

మన చెరువు రైతుల దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. కైకలూరు, భీమవరం వైపు ఏ చేప ఒంటి మీద పుండు కనిపించినా జాగ్రత్త గల రైతు ముందు నీళ్ల సీసా పట్టుకుని ల్యాబుకు పోతాడు. 1988లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా ఎర్రపుండ్ల జబ్బు మన దేశంలోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ఆంధ్ర చెరువులకూ పాకి, కొర్రమీనుల ఒళ్లు పుండ్లు చేసింది. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే శిలీంధ్రం లాంటి జీవి దానికి మూలం. రైతులు సున్నం చల్లి నీటిని బాగుచేసుకున్నారు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సైఫాక్స్ అనే మందు తయారుచేసింది.  ముందు పరీక్ష, తర్వాతే మందు అనే ఆ రైతు వరసే తొట్టికీ పనికొస్తుంది.

మీ తొట్టిలో చేపకు ఎర్రపుండు పడితే వేరు చెయ్యండి, పశువైద్యుణ్ణి అడగండి. చేతికి గాయం ఉంటే ఆ నీళ్లలో చెయ్యి పెట్టకండి. చేపల్లో ఉండే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ మనిషి చర్మానికి సోకి, నెలల తరబడి మానని గడ్డలు వేస్తుంది.

ఎనిమిదో తప్పుడు చిట్కా: "నల్లమచ్చ వచ్చిందంటే ఇక ఆశ లేదు"

నల్లమచ్చ చాలాసార్లు మంచివార్త. అమోనియాకు కమిలిన గోల్డ్ ఫిష్ చర్మం మానుతున్నప్పుడు నల్లబడుతుంది. నీళ్లు బాగుంటే కొన్ని వారాల్లో ఆ నలుపు తగ్గిపోతుంది. కొన్ని గోల్డ్ ఫిష్‌లు పెరిగేకొద్దీ నలుపు నుంచి నారింజకూ, నారింజ నుంచి తెలుపుకూ రంగు మారతాయి. అది వాటి పుట్టుక లక్షణం.

చెరువు నుంచి పట్టిన చేపల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు గట్టిగా కనిపిస్తే, అవి ఒక రకం పురుగు పిల్లలు కట్టుకున్న గూళ్లు. ఆ పురుగు బతుకు సాగాలంటే నత్త, చేప, చేపల్ని తినే పక్షి, మూడూ కావాలి. మీ హాల్లోకి కొంగ రాదు కాబట్టి అది ఒక చేప నుంచి ఇంకో చేపకు పాకదు. దానికి మందు పొయ్యనే వద్దు.

ఆస్కార్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్ తల మీద మచ్చ కాక గుంట పడితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నైట్రేట్ పేరుకున్న నీళ్లు, ఒకే రకం మేత, పేగులోని పరాన్నజీవి కలిసి ఆ గుంటలు తెస్తాయని అనుమానం. నీళ్లు తరచుగా మార్చి, మేతలో రకాలు పెంచి, తగ్గకపోతే పశువైద్యుడి సలహాతో మెట్రోనిడజోల్ మేతలో కలిపి ఇవ్వాలి.

తొమ్మిదో తప్పుడు చిట్కా: "చేప మన దిష్టి తీసుకుపోయింది, ఇంకొకటి తెచ్చుకో"

వాస్తు కోసం ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్లచేప పెట్టుకునేవాళ్లు మనలో చాలామంది. నల్లది చచ్చిపోతే ఇంటి కీడు తనతో తీసుకుపోయిందని ఊరట పడతారు. నమ్మకం మీద నాకు తగాదా లేదు. కానీ ఆ మాటతో చేప ఎందుకు చచ్చిందని అడగడం మానేస్తున్నాం. అదే రోజు కొత్త చేపను తెచ్చి, అదే నీళ్లలో వేస్తున్నాం. చచ్చినదాని రోగం కొత్తదానికి, కొత్తదాని రోగం మిగిలినవాటికి అంటుకుంటోంది. తొమ్మిది చేపలు ఇరుకు తొట్టిలో ఉంటే మొదట అమోనియా పెరుగుతుంది, తర్వాత మచ్చలు వస్తాయి.

సూక్ వాకిఫ్ బజారు నుంచి తెచ్చినా, ఐన్ ఖాలిద్ దుకాణంలో కొన్నా, కొత్త చేపను నాలుగు వారాలు విడిగా ఉంచండి. దుకాణంలో అదే తొట్టిలో ఒక్క చేప మీద చుక్క ఉన్నా అక్కడ ఏ చేపనూ కొనకండి. దుకాణం నీళ్లను మీ తొట్టిలో పొయ్యకండి. రంగు సూదితో ఎక్కించిన గాజుచేపలను అసలు కొనకండి. సూది గాయం చేపకు బాధ పెడుతుంది, జబ్బుకు దారి తీస్తుంది.

మరి ఏం చెయ్యాలి?

ఒకటి, చూడండి. దీపం ఆర్పి, టార్చి పక్కవాటంగా పట్టి, రెండు నిమిషాలు వీడియో తీయండి. మచ్చ ఎత్తుగా ఉందా, చదునుగా ఉందా? అన్నీ ఒకే సైజా? రెండు పక్కలా ఒకేలా ఉందా? చోటు మారుతోందా? చేప తింటోందా, ఒళ్లు రుద్దుకుంటోందా, నీటిపైకొచ్చి గాలి పీలుస్తోందా? రాసుకోండి. మర్నాడు అదే వేళకు మళ్లీ చూడండి.

రెండు, నీళ్లు పరీక్షించండి. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 లోపు ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా మందు ఆపి ముందు పాతిక శాతం నీళ్లు మార్చండి. చాలా మచ్చలు ఈ ఒక్క పనితోనే తగ్గుముఖం పడతాయి.

మూడు, ఇంట్లో ఇరవై లీటర్ల టబ్బు, చిన్న హీటర్, స్పాంజి ఫిల్టర్ సిద్ధంగా పెట్టుకోండి. ఒక్క చేపకు పుండో, బూజో వస్తే ఆ టబ్బులో వైద్యం చెయ్యండి. ఇక్, వెల్వెట్ అయితే మాత్రం పెద్ద తొట్టి మొత్తం సోకినట్టే లెక్క. చేపలన్నిటికీ వైద్యం జరగాలి.

నాలుగు, ఒకసారి ఒకే మందు వాడండి. సీసా మీద రాసిన మోతాదును మీరు లెక్కకట్టిన లీటర్లకు సరిపెట్టండి. మందు వేసిన టైము, తేదీ రాసి తొట్టి మీద అతికించండి. లేకపోతే భార్య వేసిందని తెలియక భర్త, ఇద్దరూ వేశారని తెలియక పిల్లలు మళ్లీ వేస్తారు.

ఐదు, సముద్రపు చేపలు పెంచేవాళ్లు ఇందులోని ఇక్ వైద్యాన్ని వాడకండి. వాటికి వచ్చే తెల్లచుక్కల జబ్బు క్రిప్టోకేరియాన్ అనే వేరే జీవి వల్ల వస్తుంది. ఉప్పునీటిలోనే బతికేదానికి ఉప్పు మందు కాదు.

వెల్వెట్, కాలమ్నారిస్, ఈ రెండిటికే గంటల లెక్క. చేప ఊపిరాడక పైకి వస్తుంటే ముందు నీళ్లు పరీక్షించి, అవి బాగుంటే ఆ రెండిటినీ అనుమానించి వెంటనే కదలండి. మిగిలిన మచ్చలన్నీ మీకు ఒక రోజు గడువిస్తాయి. ఆ రోజును టార్చికీ, టెస్ట్ కిట్‌కీ ఇవ్వండి. జబ్బు పేరు తేలేదాకా సీసా మూత తియ్యకండి.